ఖాళీ వల సాక్ష్యము

నన్ను ఈ స్మారకోపన్యాసమునకుఁ బిలిచినవారు విషయనిర్ణయమును నాకే విడిచిపెట్టిరి. అయితే ఇది గణితమును, సముద్రమును సమానముగాఁ బ్రేమించిన మా ఆచార్యులవారి పేరిట జరుగు సభ గనుక, ఆ రెంటిలో నొకటియైనను ప్రసంగములోఁ దప్పక వినిపింపవలెనని మాత్రము సూచించిరి. రెండును వినిపించుటకే ప్రయత్నించెదను.

మేము ఆయన యొద్దఁ జదువుకొను దినములలో ఒక వేకువజామున ఆయన మమ్ములను విశాఖపట్టణపు చేపలరేవుకుఁ దీసికొనిపోయి, తలకొక నోటుపుస్తకమిచ్చి, ఆ ఉదయము ఎంత సరకు దిగినదో అంచనా వేసి చెప్పుఁడని ఆజ్ఞాపించిరి. రేవు సందడి మీ రెరిగినదే. బోటు జెట్టీకి తగులకమునుపే ఐసు బుట్టలతో ఎదురు పరుగెత్తు మనుష్యులు, పాటదారుల కేకలు, గంపలలో మెఱయు కవళ్ళు, పక్కగా వేఱుగాఁ బేర్చిన వంజరాలు. మేము గంపలు దిగిన ప్రతి బోటు యొద్దకును పోయి, గంపలు లెక్కించి, ఒక గంపను తూచి, హెచ్చించి, సగటు తీసి ఆయనకుఁ జూపితిమి. ఆయన పుస్తకము చూడలేదు. రేవు చివర, జనసంచారము లేని చోట, నిశ్శబ్దముగాఁ గట్టివేసియున్న కొన్ని బోట్ల వైపు చూచుచు, "వాటి సంగతేమిటోయ్?" అనిరి. "వాటికేమీ పడలేదటండీ" అంటిని నేను. "ఏమీ పడలేదని రాశావా?" "లేదండీ." "మఱి రాయవేం? రాత్రంతా నూనె కాల్చి, వల వేసి, లాగి, ఏమీ లేదని తెలుసుకుని వచ్చారు వాళ్ళు. నువ్వు ఇంత చదువూ చదివి, వాళ్ళు తెలుసుకున్నది పారేశావు."

నేఁటి నా ప్రసంగము ఆ కట్టివేసిన బోట్లను గూర్చియే. సంస్థలు ఏ విధముగా మారునో, ఏల మారకుండునో ప్రమాణపూర్వకముగా విచారించు శాస్త్ర మొకటియు, సముద్రములోని ప్రాణికోటి పెరుగుదల తరుగుదలలను విచారించు శాస్త్ర మొకటియు విశ్వవిద్యాలయములలో వేర్వేఱు భవనములలో నివసించుచు, ఒకదాని ముఖమొకటి చూడకయే కాలము గడుపుచున్నవి. ఒక్కచోట మాత్రము ఆ రెంటికిని మిక్కిలి ఖరీదైన పరిచయము కలిగినది. ఆ చోటు అట్లాంటిక్ మహాసముద్రమునకుఁ బశ్చిమతీరమున, కెనడాకుఁ జెందిన న్యూఫౌండ్‌లాండ్ ద్వీపము.

1497లో జాన్ కాబట్ అను నావికుఁడు ఆ ప్రాంతమునకుఁ బోయివచ్చిన పిమ్మట, అచ్చటి జలములలో కాడ్ అను చేప ఎంత దట్టముగా నున్నదనఁగా వలతోఁ బనిలేక గంప ముంచినఁ జాలునను మాట ఐరోపా రేవులలో వ్యాపించినది. ఆ చేపయే తరువాత నాలుగైదు శతాబ్దములు ఆ ద్వీపవాసుల అన్నము, వస్త్రము, అప్పు, పెండ్లి, సమస్తమును. పెద్ద ఆఁడు కాడ్ ఒక్క ఋతువులో లక్షలకొలఁది గ్రుడ్లు పెట్టును. ఇట్టి సంతానసమృద్ధి గల చేపలను మనుష్యుఁడు తాను పట్టఁగలిగినంత పట్టినను తరుగఁబోవని థామస్ హక్స్‌లీ వంటి మహాశాస్త్రజ్ఞుఁడు 1883లో లండను మత్స్యప్రదర్శనశాలలో ప్రసంగించెను. ఆయన అసత్య మాడలేదు. తన కాలపు తెరచాప పడవలను, చేతిగాలములను చూచి ఆ మాట పలికెను. చిక్కు ఎచ్చట నున్నదనఁగా, పడవలు మాఱిన పిమ్మటఁ గూడ ఆ మాట మాఱకుండుటలో నున్నది. 1950 తరువాత యూరపు దేశములనుండి పెద్ద ట్రాలర్లు వచ్చి, పట్టిన చేపను నడిసముద్రములోనే కోసి గడ్డకట్టించి, శీతకాలపు మంచుటంచులలోఁగూడ వేట సాగించెను. 1968లో ఉత్తర కాడ్ అని పిలువఁబడు ఒక్క సముదాయమునుండియే ఎనిమిది లక్షల టన్నులకు మించి పట్టిరి. పదేండ్లు తిరుగునప్పటికి ఆ పట్టుబడి లక్షన్నర టన్నుల లోపునకుఁ బడిపోయినది.

అప్పుడు కెనడా మేలుకొన్నది. 1977 జనవరి 1వ తేదీనుండి తీరమునకు 200 మైళ్ళ దూరము వఱకు మత్స్యసంపదపై తన అధికారమును ప్రకటించి, విదేశనౌకలను చాలవఱకు వెడలఁగొట్టి, ఇఁకమీఁద శాస్త్రప్రకారమే వేట జరుగునని ప్రతిజ్ఞ చేసినది. శాస్త్రజ్ఞులు నియమించిన కట్టడి స్థూలముగా ఇది: పట్టుటకుఁ దగిన చేప లైదుండెనేని ఏఁటికొక్కటి మాత్రమే పట్టవలెను. ఇంతకన్న వివేకవంతమైన నియమము ఆనాఁడు మఱియొక దేశములో నుండెనో లేదో! అయితే ఐదింట ఒకటి పట్టవలెనన్న, ముందుగా ఐదున్నవని తెలియవలెను గదా.

తెలిసికొనుట ఎట్లు? కాడ్ చెవిలో గవ్వపలుకంత రాయి ఒకటి యుండును. దానిని నడుమకు విఱిచి సూక్ష్మదర్శినిలోఁ జూచినచో చెట్టుమానులోవలె ఏఁటికొక్క వలయము కనబడును. పట్టిన చేపల వయస్సులను ఇట్లు నిర్ణయించి, ఫలాని ఏఁట పుట్టిన సంతతిలో ఇప్పటికి ఎన్ని పట్టితిమో కూడుకొనుచు, వెనుకకు నడచి, ఆ సంతతి మొదట ఎంత యుండి యుండునో కట్టెదరు. ఇది చక్కని గణితము. దీని బలహీనత యంతయు చివరి సంవత్సరములోనే యున్నది. ముసలి సంతతుల లెక్క ముగిసినది గనుక స్పష్టముగా వచ్చును. ఇంకను నీటిలోనే యున్న పడుచు చేపల లెక్కకు బయటినుండి ఊఁత కావలెను. ప్రభుత్వమునకు కావలసినదో, ఆ చివరి సంవత్సరపు లెక్కయే.

ఆ ఊఁతలు రెండుండెను. ఒకటి పరిశోధననౌక. ఇది సముద్రమును లోతునుబట్టి ఖండములుగా విభజించి, చీట్లు వేసినట్లు స్థలములను ఏఱుకొని, చేపలున్నను లేకున్నను అచ్చటనే వల లాగును. రెండవది వ్యాపారపు ట్రాలర్లు గంటకు ఎన్ని టన్నులు పట్టుచున్నవను లెక్క. మొదటిది ఏఁటికొక పర్యాయము, కొలఁది దినములు, మిక్కిలి ఒడుదుడుకులతో వచ్చు సంఖ్య. రెండవది వేలకొలఁది గంటల వేటనుండి నున్నగా వచ్చు సంఖ్య. 1980 దశకములో ఈ రెండవ సంఖ్య ఏఁటేఁటికి ఉత్సాహముగాఁ బైకి ప్రాఁకుచుండెను.

వేసవిలో ఎండిపోవు మన ఊరి చెరువును జ్ఞప్తికిఁ దెచ్చుకొనుఁడు. నీరు వెనుకకుఁ దీసి, చేపలన్నియు నడిమి మడుగులోఁ జేరిన నాఁడు, ఒక్కొక్క గంపకు పడు చేప నిండుచెరువునాఁటికన్న ఎక్కువయే. గంపను మాత్రమే చూచువానికి చెరువు నిండుచున్నట్లే తోఁచును. కాడ్ శీతకాలమున గుడ్లు పెట్టుటకు గుంపులుగాఁ జేరును. మందతగ్గినకొలఁదిని చేపలు మిగిలిన గుంపులలోనే దట్టముగా నిలిచెను, వాని జాడ పట్టు యంత్రములు ఏఁటేఁటికి మెఱుగుపడెను. ట్రాలరు నాయకుఁడు చేపలు లేనిచోట వల వేయఁడు; వేయుటకు వానికి జీతము లేదు. కావున ఆతని పుస్తకములో సున్న లుండవు. లేమిని కొలుచుటకు లేమి తెలియని పుస్తకమును వాడిరి.

ఇఁక తీరమునందలి చిన్న జాలరి స్థితి వేఱు. వానిది నాలుగు గోడలును అడుగును గలిగి కప్పులేని గదివంటి వల. దానిని తాతలనాఁటినుండి వాడుకలో నున్న చోట లంగరు వేసి నిలుపును. ఒడ్డునుండి దాని వాకిలివఱకు మఱియొక వల దారిచూపుచు నుండును. ఎండకాలమున కాపెలిన్ అను వేలంత చేపలు గుడ్లు పెట్టుటకు ఒడ్డునకు రాఁగా, వానిని తఱుముచు కాడ్ వచ్చి ఆ గదిలోఁ బ్రవేశించును. జాలరి చేపను వెదకుకొని పోఁడు, చేప తన యొద్దకు వచ్చువఱకు నిరీక్షించును. గణితశాస్త్రము చదువకయే, ఏఁటేఁటికి ఒకే చోట, ఒకే ఋతువున, ఒకే సాధనముతో కొలత తీయుచున్నాఁడన్నమాట! ఆ వలలు 1980 దశకపు మధ్యమునకు వెలవెలఁబోఁ జొచ్చెను. పడిన చేపలును పిల్లచేపలు.

వారు చెప్పిరి. చెప్పుటయే కాదు, తీరపు జాలరుల సంఘము సొంత ఖర్చుతో సెయింట్ జాన్స్ నగరమందలి విశ్వవిద్యాలయమునుండి కీట్స్, స్టీల్, గ్రీన్ అను మువ్వురు జీవశాస్త్రజ్ఞులను పిలిపించి, ప్రభుత్వపు లెక్కను పరీక్షింపఁజేసినది. (ఆ విద్యాపీఠము పేరే 'మెమోరియల్'. మొదటి ప్రపంచయుద్ధములో మడిసిన ఆ ద్వీపపు యువకుల స్మారకముగా వెలసినది. స్మారకోపన్యాసములో ఈ మాట చెప్పకుండ నుండలేకపోయితిని.) చేపల రాశి ఉన్నదానికన్న ఎక్కువగాఁ గట్టఁబడుచున్నదని 1986లో వారు నివేదించిరి. ప్రభుత్వశాస్త్రజ్ఞుల సమాధానము కూడ నిరాధారము కాదు. నీరు చల్లఁబడి చేప ఒడ్డునకు రాకపోవచ్చు, కాపెలిన్ దారి తప్పియుండవచ్చు, ఒడ్డున కనబడనంత మాత్రమున సముద్రములో లేదనరాదు. ఖాళీ వల ఒక్కటియే సంపూర్ణ ప్రమాణము కాదని నేనును అంగీకరింతును. అయితే నిండిన వల ప్రమాణమని స్వీకరించినవారు ఖాళీ వలను మాత్రము కట్టుకథగాఁ ద్రోసిపుచ్చుట ఏ తర్కశాస్త్రము? అదే సంవత్సరము పరిశోధననౌక వలలో అసాధారణముగా ఎక్కువ చేప పడుటయు అధికారుల ధీమాను బలపఱచినది. ఆ సంఖ్య ఒడుదుడుకులలో నొక ఎగుడని తరువాతి సంవత్సరములు తెలిపినవి.

1989 ఆరంభమున లెక్క తిరుగఁబడినది. ఐదింట ఒకటి పట్టుచున్నామనుకొన్నవారు ఐదింట రెండు, ఒక్కొక్కప్పుడు అంతకు మించియు, పట్టుచుండిరని తేలినది. గడచిన ఏఁటి పరిమితి 2,66,000 టన్నులు. దానిని 1,25,000కు దింపుఁడని శాస్త్రజ్ఞులు సలహా ఇచ్చిరి. ప్రభుత్వము 2,35,000 అని నిర్ణయించినది. ఈ రెండు సంఖ్యల నడుమ నున్న అంతరమే నా ప్రసంగములోని రెండవ శాస్త్రమునకు క్షేత్రము. చేపలశుద్ధి కర్మాగారములు, వానికి అప్పిచ్చిన బ్యాంకులు, ట్రాలర్లు, ఓట్లు, పెంపుదల తప్ప తరుగుదలను ఊహింపని పాత ప్రణాళికలు, ఇవన్నియు 1977నుండి నిర్మింపఁబడిన ఒక మహాసంస్థ. అది చేపల పెరుగుదలను ముందుగానే ఖర్చు వ్రాసికొన్నది.

1990లో లెస్లీ హారిస్ అధ్యక్షతన జరిగిన స్వతంత్రసమీక్షయు ప్రమాదమునే సూచించినది. అయినను కోఁతలు మెల్లమెల్లగా జరిగెను. కడకు 1992 జూలై 2న మత్స్యశాఖ మంత్రి జాన్ క్రాస్బీ సెయింట్ జాన్స్‌లోని ఒక హోటలులో ఉత్తర కాడ్ వేటను రెండేండ్లపాటు నిలుపుచున్నట్లు ప్రకటించెను. సమావేశపు గది తలుపులు మూసియుండెను, వెలుపల జాలరులు ఆ తలుపులను బాదుచుండిరి. ఆ దినమున జీవిక కోల్పోయినవారు సుమారు ముప్పదివేలు. కెనడా చరిత్రలో ఒక్క నిర్ణయముతో ఇంతమంది పని పోఁగొట్టుకొనుట అంతకుముందు లేదు. జాలరుల మాట వినుటకు లోపలివారికి ఆ సాయంకాలము చెవులు బాగుగానే పనిచేసియుండును.

వారిని దుష్టులుగాఁ జిత్రించుట నా ఉద్దేశము కాదు, అది సులభమైన పని. ఆ శాస్త్రజ్ఞులలో అధికులు నిజాయితీపరులు. 1994లో అలన్ క్రిస్టఫర్ ఫిన్లేసన్ అను సామాజికశాస్త్రవేత్త ఈ మదింపుల చరిత్రను ఒక గ్రంథముగా వ్రాసి, లెక్కలోని సందేహము సంస్థ మెట్లెక్కుచుఁ బోయినకొలఁదిని ఎట్లు నిశ్చయముగాఁ బరిణమించునో చూపెను. 1997లో హచింగ్స్, వాల్టర్స్, హేడ్రిచ్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు తమ వృత్తిపత్రికలోనే, ప్రభుత్వము సమాచారమును అదుపుచేయుటకును శాస్త్రవిచారణకును పొత్తు కుదురునా యని సూటిగాఁ బ్రశ్నించిరి. శాస్త్రజ్ఞుఁడు "ఇంతనుండి ఇంతవఱకు" అని వ్రాయును, పై అధికారి నడిమి సంఖ్య నేఱును, మంత్రి కార్యాలయము ఆ సంఖ్యకు ఎడమవైపు నున్న "సుమారు"ను కొట్టివేయును. ఏ యొక్కఁడును అబద్ధ మాడలేదు!

సంస్థలను గూర్చిన పరిశోధన ఈ రోగమునకు చికిత్స చేయఁగలదా యని చూచినచో, వైద్యునకే ఆ జాడ్యము సోఁకియున్నట్లు కనబడును. షికాగో సమీపమందలి హాథార్న్ కర్మాగారములో 1924నుండి జరిగిన ప్రయోగములను నిర్వహణశాస్త్రము చదివిన ప్రతి విద్యార్థియు ఎఱుఁగును. దీపముల వెలుతురు పెంచినను తగ్గించినను ఉత్పత్తి పెరిగినదనియు, తమ్మొకరు గమనించుచున్నారను భావమే పనివారికి ప్రేరణమయినదనియు పాఠము. ఆ కథలో విరివిగాఁ జెప్పఁబడని ఘట్ట మొకటి కలదు. విరామములు, పనిగంటలు మార్చుచు ఐదుగురు స్త్రీలపై జరిపిన తరువాతి ప్రయోగములో, సహకరించుట లేదనియు మితిమీఱి మాటలాడుచున్నారనియు ఇద్దఱిని 1928 ఆరంభమున తొలఁగించి, చుఱుకైన మఱి ఇద్దఱిని కూర్చుండఁబెట్టిరి. పిదప ఉత్పత్తి పెరిగినది. వెలుతురు ప్రయోగముల మూలపత్రములు, పోయినవనుకొన్న చాలకాలమునకు దొరకఁగా లెవిట్, లిస్ట్ అను అర్థశాస్త్రజ్ఞులు పరిశీలించి, ఆ ప్రసిద్ధ ఫలితమునకు ఆధారము మిక్కిలి దుర్బలమని 2011లో ప్రకటించిరి.

మఱియొక సంఖ్య కలదు. సంస్థలలో తలపెట్టిన మార్పులలో నూటికి డెబ్బది విఫలమగునని ప్రతి సలహాదారుఁడును చెప్పును. నేనును ఒకానొక కార్యాలయములో గంభీరముగాఁ జెప్పితిని. 1993లో హామర్, చాంపీ అనువారు ఇది శాస్త్రీయము కాని అంచనా యని తామే ఒప్పుకొనుచు వ్రాసిన మాట క్రమముగా శాసనమై కూర్చున్నది. 2011లో మార్క్ హ్యూస్ దాని మూలములను ఒక్కొక్కటిగా వెదకి, ఎచ్చటను నమ్మఁదగిన ప్రమాణము లేదని చూపెను. చేపలవిషయమున ఆశ అంకెయైనది, ఇచ్చట నిరాశ అంకెయైనది.

నా అపరాధము అంతటితో నాఁగలేదు. అదే కార్యాలయమున ఫైళ్ళు నడపు పద్ధతి మాఱిన ఏఁడాదికి సిబ్బంది అభిప్రాయము సేకరించు పని నాకు అప్పగించిరి. పత్రములు పంచితిని, నింపినవి తీసికొంటిని, ముప్పాతికమంది సంతృప్తులని పటము గీసితిని. ఆ ఏఁటిలో బదిలీ పెట్టుకొని పోయినవారు, సెలవులో నుండిపోయినవారు, పత్రమును సొరుగులో పడవేసినవారు నా పటములో లేరు. కొంతకాలమునకు ఆ పద్ధతి మూలఁబడినదని తెలిసినప్పుడు, రేవుచివర కట్టివేసిన బోట్లు నా కన్నులకుఁ గట్టినవి. నా గురువు అప్పటికి జీవించియున్నారు. ఆయనతోఁ జెప్పుటకు ధైర్యము చాలలేదు.

మన తీరమునకు ఈ విచారము పరాయిది కాదు. 1950 దశకపు తొలినాళ్ళలో యూజీన్ లఫాండ్ అను సముద్రశాస్త్రజ్ఞుఁడు ఆంధ్రవిశ్వవిద్యాలయమునకు వచ్చి, ఇచ్చటి యువకులతోఁ గలిసి వాల్తేరు తీరమున అడుగునీరు పైకుబుకు తీరును కొలిచెను. ఆ వంశపరంపరకుఁ జెందినవారే మనలోఁ బెక్కురు. 1947లో స్థాపింపఁబడిన కేంద్ర సముద్రమత్స్య పరిశోధనసంస్థ రేవులను, దినములను, పడవలను మెట్లుమెట్లుగా చీట్లుతీసినట్లు ఏఱి లెక్కకట్టు పద్ధతిని దేశమంతట నెలకొల్పినది. దానిని నేను మిక్కిలి గౌరవింతును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహములు తెలిపిన నీటివేఁడిమిని, పచ్చదనమును చూచి, ఫలాని చోట చేపలుండవచ్చునని జాలరులకు సూచన పంపుచున్నది. నూనె ఖర్చు తగ్గించు ఈ సూచనవలని మేలును నేను కాదనను. కాని ఆ సూచన ననుసరించి పోయిన బోటుకు పడిన సరకును బట్టి సముద్రములో చేప లెన్ని యున్నవో చెప్పఁబూనుదుమేని, మనమును ట్రాలరు పుస్తకమునే తిరుగ వ్రాయుచున్నామని నా భయము. తూర్పుతీరమున ఏప్రిల్ 15నుండి జూన్ 14వఱకు యంత్రపు బోట్లకు విధించు 61 దినముల వేటనిషేధము ఎంత మేలు చేయుచున్నదో నిర్ణయించునప్పుడును ఈ మాటను మఱువరాదు. నిషేధము ముగిసిన తొలివారమున గంపలు నిండుట ఒక కొలత, అలివి వల లాగువారికి భాద్రపదములో ఏమి పడినదనునది మఱియొక కొలత.

న్యూఫౌండ్‌లాండ్‌లో రెండేండ్లని చెప్పిన నిషేధము, నడుమ చిన్నచిన్న సడలింపులు తప్ప, ముప్పదిరెండేండ్లు సాగినది. 2023లో శాస్త్రజ్ఞులు 1954వఱకు వెనుకకుఁ బోయిన లెక్కలతో ప్రమాదరేఖను తిరుగ గీయఁగా, ఆ సముదాయము ఉన్నపళముగా ప్రమాదస్థితినుండి జాగ్రత్తస్థితికి చేరినది. చేప పెరుగలేదు, గీఁత దిగినది. మఱుసటి ఏఁట వేటను 18,000 టన్నుల పరిమితితో తిరుగఁ దెఱచిరి. ఆ గీఁత సరియైనదా, తెఱచుట సరియైనదా అను వివాదము అచ్చట ఇంకను నడచుచున్నది. మంచి వివాదము.

నా మనస్సున కెక్కినది వేఱొకటి. 1995నుండి ఆ తీరపు జాలరులే కావలివేట అను పేరిట శాస్త్రమునకు లెక్క లిచ్చుచున్నారు. తమ పూర్వపు చోట్లలోనే, నిర్ణీతమైన వలలను గాలములను వేసి, ఏమి పడినను కొలిచి, చెవిరాయి తీసి కవరులో నుంచి, పుస్తకములో వ్రాయుదురు. ఏమియుఁ బడని దినమున తేదీయు, చోటును, వల నీటిలో నున్న గంటలును వ్రాసి, దానికెదురుగా సున్న చుట్టుదురు. ఆ సున్నకుఁ గూడ ఆ దినపు కూలి ముట్టును.

ఆచార్యులవారు నాఁడిచ్చిన నోటుపుస్తకము నా యొద్ద ఇప్పటికిని ఉన్నది. గంపల లెక్కలు నా చేతివ్రాఁత. ఆ పుట అడుగున, కట్టివేసిన బోట్ల పేర్లను ఒకదానిక్రింద నొకటిగా ఆయనయే వ్రాసి, ప్రతి పేరునకెదురుగా ఎఱ్ఱసిరాతో ఒక్కొక్క సున్న చుట్టిరి.